పసిచేతిలో నీళ్ళ చెంబు: మరియా మాంటిస్సోరి (1870–1952)



కొన్నేళ్ళ క్రితం గాజువాక వైపు ఒక విచారణలో పనిచేస్తున్న రోజుల్లో ఒక కొత్త ఇంటిని దీవించడానికి వెళ్ళాను. ఇంటి యజమాని స్టీల్ ప్లాంటు ఉద్యోగి. ఆ వారం ఆయనకు బి షిఫ్టు. మధ్యాహ్నంలోగా ప్రార్థన, భోజనం అన్నీ ముగియాలని అందరిలోనూ తొందర. తీర్థం ఉన్న గిన్నెను బల్లమీద పెట్టి నేను ప్రార్థనల పుస్తకం తెరిచాను. ఇంతలో రెండేళ్ళు కూడా నిండని ఆ ఇంటి పాప బల్ల అంచు పట్టుకుని, మునివేళ్ళమీద లేచి, గిన్నెలో చేయి పెట్టింది. నీళ్ళను అరచేత్తో తట్టింది. చుక్కలు ఎగిరి మొహంమీద పడితే నవ్వింది. మళ్ళీ తట్టింది. నేను గిన్నెను చటుక్కున పైకెత్తేశాను. తల్లి సిగ్గుపడిపోయి పాప చేతిమీద ఒక దెబ్బ వేసింది. ఆ ఏడుపు మధ్యనే ఇంటి దీవెన జరిగింది.

అప్పుడు అందులో తప్పేమీ నాకు తోచలేదు. పవిత్రమైన నీటిని పసిపిల్ల ఆటవస్తువు చేయకుండా కాపాడాననే అనుకున్నాను. చాలాకాలం తరువాత ఒక పాత పుస్తకంలో, వంద సంవత్సరాల పైచిలుకు క్రితం రోములో జరిగిన ఒక చిన్న సంఘటన చదివాను. వెంటనే ఆ పాప మొహం నా కళ్ళముందు నిలిచింది. ఆ సంఘటనను రాసిపెట్టిన స్త్రీ పేరు మరియా మాంటిస్సోరి.

ఈ పేరు మీకు తెలియనిది కాదు. మన ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా ఏదో ఒక బడి బోర్డుమీద ఈ పేరు కనిపిస్తుంది. ఆ పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కాబట్టి బోర్డుమీద పేరున్న ప్రతి బడిలోనూ ఆమె చెప్పిన పద్ధతి ఉంటుందని అనుకోవద్దు. ఆమె ఎవరు, ఏ దేశస్థురాలు, మనదేశంలో ఎన్నేళ్ళు గడిపింది, పిల్లల చేతికి నీళ్ళ చెంబు ఎందుకు ఇమ్మంది అని అడిగితే మాత్రం మనలో చాలామంది తడుముకుంటాం. ఈ వారం ఆమె జీవితాన్ని మీతో కలిసి తలచుకోవాలని ఉంది.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలోని క్యారవల్లె అనే చిన్న పట్టణంలో పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, పాతకాలపు పట్టుదల గల మనిషి. తల్లి రెనిల్డె చదువుకున్న స్త్రీ, భక్తురాలు. మరియా ఒక్కతే సంతానం. ఆమెకు 5 ఏళ్ళ వయసులో కుటుంబం రోముకు చేరింది. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లకు ఉపాధ్యాయురాలి ఉద్యోగం తప్ప వేరే దారి లేదనుకునేవారు. మరియా మాత్రం మొదట ఇంజనీరు కావాలని మగపిల్లల సాంకేతిక పాఠశాలలో చేరారు. ఆ తరువాత మనసు మార్చుకుని వైద్యం చదువుతానన్నారు. తండ్రికి ఇష్టం లేదు. తల్లి అండగా నిలిచింది. శవాన్ని కోసి నేర్చుకునే పాఠానికి మగ విద్యార్థులతో కలిసి ఒక స్త్రీ కూర్చోవడం మర్యాద కాదన్నారు. అందుకని అందరూ వెళ్ళిపోయిన తరువాత, సాయంత్రం వేళ, ఒంటరిగా శవాల గదిలో ఆమె ఆ పాఠం నేర్చుకోవలసి వచ్చింది. 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా అందుకున్నారు. ఇటలీలో ఆ పట్టా పొందిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు.

డాక్టరుగా ఆమె మొదటి అడుగులు పిచ్చాసుపత్రుల వైపు పడ్డాయి. అక్కడ బుద్ధి ఎదగని పిల్లలను పెద్ద రోగులతోపాటు ఒకే చోట కుక్కి ఉంచేవారు. భోజనం అయ్యాక ఆ పిల్లలు నేలమీద పడిన రొట్టె ముక్కల కోసం ఎగబడుతున్నారని కాపలా మనిషి అసహ్యంగా చెప్పింది. మరియా ఆ గదిని కలయజూశారు. ఆ గదిలో పిల్లలు చేత్తో పట్టుకోవడానికి ఒక్క వస్తువు కూడా లేదు. నున్నటి గోడలు, నేల, అంతే. పిల్లలు వెదుకుతున్నది తిండిని కాదు, చేతికి ఒక పనిని అని ఆమెకు తోచింది. తరువాత ఆమె చేసినదంతా ఆ ఒక్క చూపులోంచి పుట్టిందని చెప్పవచ్చు.

ఇటార్, సెగ్యాఁ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు అంతకుముందే ఇలాంటి పిల్లల గురించి రాసిన పుస్తకాలను ఆమె శ్రద్ధగా చదివారు. 1900లో రోములో అటువంటి పిల్లల కోసం తెరిచిన పాఠశాలకు సహ సంచాలకురాలయ్యారు. పగలంతా పిల్లల మధ్య గడిపి, రాత్రి కూర్చుని చూసినది రాసుకునేవారు. ఎందుకూ పనికిరారన్న ఆ పిల్లల్లో కొందరు చదవడం, రాయడం నేర్చుకుని మామూలు పిల్లల పరీక్షల్లో ఉత్తీర్ణులయ్యారు. లోకం ఆమెను మెచ్చుకుంది. ఆమె మాత్రం వేరే ప్రశ్న వేసుకున్నారు. ఈ పిల్లలే ఇంత చేయగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను మన బడులు ఎంత తొక్కిపెడుతున్నాయో కదా అని. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ డాక్టరమ్మ మళ్ళీ విశ్వవిద్యాలయానికి వెళ్ళి తత్వశాస్త్రం చదివారు. సెమినరీలో ఆ శాస్త్రంతోనే కుస్తీపట్టిన నాకు ఈ సంగతి ఆమెమీద ప్రత్యేకమైన అభిమానం కలిగించిందని ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం చెప్పాలి. దాచిపెట్టి చెబితే ఆమె జీవితం సగమే చెప్పినట్టవుతుంది. ఆ పాఠశాలలో తనతో పనిచేసిన జుసెప్పె మోంటెసానో అనే వైద్యునితో మరియాకు స్నేహం కుదిరింది. 1898లో ఆమెకు ఒక కుమారుడు పుట్టాడు. పేరు మారియో. వారి పెళ్ళి జరగలేదు. పెళ్ళికాని తల్లి అని లోకానికి తెలిస్తే ఆ కాలంలో ఆమె వైద్యవృత్తి, కుటుంబ గౌరవం అన్నీ ఆ పూటతో ముగిసేవి. బిడ్డను పల్లెలో ఒక కుటుంబానికి పెంపకానికి అప్పగించారు. తల్లి అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేది. వచ్చినామె తన తల్లి అని ఆ పిల్లవాడికి తెలియదు. లోకంలోని పిల్లలందరినీ ఎలా చూడాలో నేర్పిన స్త్రీ తన బిడ్డ మొదటి అడుగులు వేస్తుంటే పక్కన లేదు. వాడు మొదటిసారి నీళ్ళు ఒలకబోసినప్పుడు తుడిచిన చేయి ఆమెది కాదు. ఆమెను తీర్పు తీర్చడం మన పని కాదు. ఆమె వేరే తల్లుల పిల్లలను అంత ఓపికగా, అంత ఆకలిగా ఎందుకు చూసిందో ఈ గాయం తెలిసినవారికి కొంత అర్థమవుతుంది.

1907 జనవరి 6, ముగ్గురు రాజుల పండుగ. ఆ రోజున రోములో సాన్ లొరెంజో అనే పేటలో ఆమె మొదటి బాలల గృహం తెరుచుకుంది. అది కూలీల పేట. సగంలో ఆగిపోయిన భవనాలలో పేదలు కిక్కిరిసి ఉండేవారు. ఒక సంస్థ ఆ ఇళ్ళను బాగుచేసి అద్దెకిచ్చింది. పొద్దున్నే తల్లిదండ్రులు పనికి వెళ్ళిపోతే బడి ఈడు రాని పిల్లలు మెట్లమీద, గోడలమీద అల్లరి చేసేవారు. వాళ్ళను ఒక గదిలో పెట్టి చూసుకోవడానికి మరియాను పిలిచారు. సుమారు 50 మంది పిల్లలు. మొదటి రోజు వాళ్ళంతా బెదురుచూపులతో ఏడుస్తూ ఉన్నారట.

ఆమె అక్కడ చేసిన మార్పులు చూడటానికి చాలా చిన్నవి. పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, వాళ్ళే మోయగలిగిన కుర్చీలు చేయించారు. చేతులు, మొహం కడుక్కోవడానికి మూడేళ్ళ బిడ్డకు అందేంత ఎత్తులో బేసిన్లు, పక్కనే చిన్న చెంబులు, సబ్బు, గోళ్ళ బ్రష్షు, తువ్వాళ్ళు పెట్టించారు. ఒకనాడు ఆమె ముక్కు ఎలా చీదుకోవాలో, చేతిరుమాలు ఎలా వాడాలో పిల్లలకు చేసి చూపించారు. చూస్తున్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆమె ఆశ్చర్యపోయారు. ముక్కు కారుతోందని ఆ పిల్లలను రోజూ అందరూ తిట్టేవారు. ఎలా శుభ్రం చేసుకోవాలో మాత్రం అంతవరకు ఒక్కరూ నెమ్మదిగా చూపించలేదు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నీళ్ళు ఒలకబోశారని మన ఇళ్ళల్లో పిల్లలను ఎన్నిసార్లు తిట్టాం? ఒలకకుండా ఎలా పోయాలో ఎన్నిసార్లు చూపించాం?

ఇప్పుడు నా మనసును పట్టుకున్న సంఘటన చెబుతాను. ఒకరోజు పిల్లలు ఒక నీళ్ళ బేసిను చుట్టూ గుమిగూడారు. అందులో తేలే బొమ్మలున్నాయి. నవ్వులు, కేరింతలు. రెండున్నరేళ్ళ బుడతడు ఒకడు వెనుక ఉండిపోయాడు. ముందుకు దూరాలని చూశాడు, బలం చాలలేదు. అప్పుడు నిలబడి అటూ ఇటూ చూశాడు. వాడి మొహంలో ఆలోచన కదులుతూ ఉంది. కొంచెం దూరంలో ఒక చిన్న కుర్చీ కనబడింది. దాన్ని తెచ్చి వేసుకుని పైకెక్కితే కనిపిస్తుందని వాడికి తట్టింది. మొహం వెలిగింది. కుర్చీ వైపు నడవసాగాడు. సరిగ్గా ఆ క్షణాన ఉపాధ్యాయురాలు జాలిపడి వాణ్ణి రెండు చేతులా ఎత్తి, అందరి తలలమీదుగా ఆ నీళ్ళ బేసిను చూపించింది. వాడికి బొమ్మలు కనిపించాయి. మొహంలోని వెలుగు మాత్రం పోయింది. ఎవరో తనకోసం చేసిపెడతారులే అన్న చూపు వచ్చిందని దూరం నుండి గమనిస్తున్న మరియా రాసుకున్నారు.

ఆ ఉపాధ్యాయురాలు చెడ్డది కాదు. దయగల మనిషి. కానీ ఆ దయవల్ల పిల్లవాడు తానే కనుక్కున్న ఉపాయం, తానే గెలవబోతున్న గెలుపు నేలపాలయ్యాయి. ఇది చదివినప్పుడే నాకు గాజువాక పాప గుర్తుకొచ్చింది. నేను గిన్నె ఎత్తేశాను, ఈమె పిల్లవాణ్ణి ఎత్తేసింది. ఇద్దరమూ మంచి ఉద్దేశంతోనే చేశాం.

పునీత తోమాసు అక్వినాసు వారు అరిస్టాటిలును అనుసరించి, మనిషి బుద్ధికి అందేదంతా ముందు ఇంద్రియాల ద్వారానే ప్రవేశిస్తుందని బోధించారు. మేము సెమినరీలో దీన్ని లాటిను మాటల్లో కంఠస్థం చేశాం. రెండేళ్ళ బిడ్డ దాన్ని నీళ్ళలో చేయిపెట్టి నేర్చుకుంటాడు. బరువు, తేలిక, నిండు, వెలితి, చల్లన, వెచ్చన, ఎక్కువ, తక్కువ, ఇవన్నీ వాడికి మాటలుగా రాకముందే వేళ్ళకు తెలుస్తాయి. మనం దాన్ని ఆట అంటాం. మరియా దాన్ని పని అన్నారు. పెద్దవాడు పని ముగించడం కోసం పని చేస్తాడు. పసివాడు తనను తాను తయారు చేసుకోవడం కోసం పని చేస్తాడు. అందుకే ఒకే పని మళ్ళీ మళ్ళీ చేస్తాడు. సాన్ లొరెంజోలో ఒక మూడేళ్ళ పాప కొయ్య దిమ్మలను వాటి గుంటల్లో అమర్చడం 40 సార్లకు పైగా చేసింది. చుట్టూ పాటలు పాడినా తల ఎత్తలేదు.

అయితే ఇంటి దగ్గర ఏం చేయాలని మీరు అడగవచ్చు. బజారులో కొనవలసింది ఏమీ లేదు. వంటగదిలో ఉన్నవి చాలు. నేలమీద ఒక పాత దుప్పటి మడతపెట్టి, దానిమీద ఒక స్టీలు తాంబాళం పెట్టండి. అందులో రెండు చిన్న గ్లాసులుంచి, ఒకదానిలో సగానికి నీళ్ళు పోయండి. బిడ్డ పక్కన కూర్చుని, మాట్లాడకుండా, నెమ్మదిగా, ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి పోసి చూపించండి. తరువాత గ్లాసు వాడికివ్వండి. మొదట సగం తాంబాళంలోకి పోతుంది. పోనివ్వండి. పది రోజులు పోయాక చూడండి, ఆ మణికట్టు ఎలా తిరుగుతుందో.

ఏడాది దాటిన బిడ్డకు ఒక స్పాంజి ముక్క, రెండు గిన్నెలు ఇవ్వండి. ఒక గిన్నెలోని నీళ్ళు స్పాంజిలోకి పీల్చి మరో గిన్నెలో పిండడం వాడికి పెద్ద వింత. స్పాంజి కొరుకుతాడేమో చూసుకోండి. లేకపోతే చిన్న నూలుగుడ్డ చాలు. రెండేళ్ళ బిడ్డకు ఒక బేసినులో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి ఒక ఆకు, ఒక కొబ్బరి చిప్ప, ఒక నిమ్మకాయ, ఒక చెంచా, గుప్పెటలో పట్టేంత రాయి ఇవ్వండి. ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో వాడే కనుక్కుంటాడు. మన రేవులో అంత పెద్ద ఇనుప ఓడ తేలుతుంటే చిన్న చెంచా ఎందుకు మునిగింది అని ఐదారేళ్ళు వచ్చాక వాడే మిమ్మల్ని అడుగుతాడు. జవాబు తయారుగా పెట్టుకోండి. అదే చెంచాను మునగనీయకుండా ఒక స్టీలు గిన్నెలో పెట్టి తేల్చి చూపిస్తే సగం జవాబు అయిపోతుంది. చిల్లుల గరిటె, టీ వడపోసే జల్లెడ కూడా మంచి గురువులే.

ఇంకా మంచివి ఇంటి పనులు. బంగాళాదుంపలు, టమాటాలు కడగడం. కరివేపాకు మొక్కకు చిన్న చెంబుతో నీళ్ళు పోయడం. తన చేతిరుమాలు తానే ఉతుక్కోవడం. అన్నింటికంటే ముఖ్యమైనది, ఒలికిన నీళ్ళు తుడవడం. ఆట మొదలుపెట్టేముందే ఒక పొడిగుడ్డ పక్కన పెట్టండి. ఒలికినప్పుడు కేకలు వేయకుండా ఆ గుడ్డ తీసి ఇవ్వండి. అప్పుడు ఒలకడం నేరం కాకుండా పోతుంది. అది తరువాతి పని అవుతుంది.

మన నగరంలో నీళ్ళ కరువు సంగతి నాకు తెలియక కాదు. మేఘాద్రి గెడ్డ, తాటిపూడి, రైవాడ జలాశయాల నుండీ ఏలేరు నుండీ నీళ్ళు వస్తున్నా, కొండవాలు పేటల్లో తల్లులు కుళాయి దగ్గర బిందెలు వరసపెట్టి నిలబడటం నేను చూస్తూనే ఉన్నాను. అలాంటి ఇంట్లో నీళ్ళతో ఆటా అని కోప్పడకండి. నేను చెప్పిన ఆటకు రెండు గ్లాసుల నీళ్ళు చాలు. కూరగాయలు కడిగిన నీళ్ళే వాడుకోవచ్చు. చివరికి ఆ నీళ్ళు బిడ్డ చేతనే మొక్కకు పోయించండి. కుళాయి తిప్పి వదిలేసే పెద్దవాళ్ళకంటే, గ్లాసు నీళ్ళను రెండు చేతులతో పట్టుకుని ఒలకకుండా గది దాటించిన బిడ్డకే నీటి విలువ బాగా తెలుస్తుంది.

ఇంకొక మాట మాత్రం ఆజ్ఞగానే చెబుతున్నాను. నీళ్ళ దగ్గర బిడ్డను ఒంటరిగా ఒక్క క్షణం కూడా వదలవద్దు. పసిబిడ్డ తల మిగతా శరీరంతో పోలిస్తే ఎక్కువ బరువుగా ఉంటుంది. బకెట్లోకి వంగి తలకిందులైతే తిరిగి లేవలేడు. రెండు మూడు అంగుళాల నీళ్ళు కూడా ప్రాణం తీస్తాయి. అరుపు కూడా వినిపించదు. గుమ్మం దగ్గర ఎవరో పిలిస్తే బిడ్డను చంకన వేసుకునే వెళ్ళండి. ఫోను మోగితే మోగనివ్వండి. నాలుగేళ్ళ అన్నకో అక్కకో అప్పగించి వెళ్ళడం కాపలా కాదు. ఆట కాగానే బేసిను ఖాళీ చేయండి. నీళ్ళు పట్టి ఉంచుకునే డ్రమ్ములకు, గోలేలకు, సంపుకు గట్టి మూతలు పెట్టండి. స్నానపు గది తలుపు గడియ వేయండి. వేడినీళ్ళు బిడ్డకు అందని చోట ఉంచండి. పిల్లవాడికి స్వేచ్ఛ ఇవ్వమన్న మరియా, ఆ స్వేచ్ఛకు చుట్టూ కంచె ముందుగా పెద్దలే కట్టాలని కూడా చెప్పారు. ఆమె డాక్టరన్న సంగతి మరువకండి.

మళ్ళీ ఆమె కథకు వద్దాం. 1909లో ఆమె తన పద్ధతిని వివరిస్తూ పుస్తకం రాశారు. అది ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. 1912 చివర తల్లి రెనిల్డె మరణించింది. మరుసటి ఏడాది, సుమారు 15 ఏళ్ళ మారియో తల్లి దగ్గరకు వచ్చేశాడు. అప్పటినుండి ఆమె చివరి శ్వాసవరకు నీడలా వెంట ఉన్నాడు. అయినా ఎన్నో సంవత్సరాలు లోకానికి అతణ్ణి మేనల్లుడనో, పెంపుడు కొడుకనో పరిచయం చేయవలసి వచ్చింది. 1915లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో గాజు గోడల తరగతి గది కట్టి, పిల్లలు పని చేసుకుంటుంటే లోకానికి చూపించారు.

ఆ తరువాత స్పెయిను దేశంలో బార్సిలోనాలో స్థిరపడ్డారు. అక్కడ ఆమె చేసిన ఒక పని మన కతోలిక కుటుంబాలు తెలుసుకోదగినది. పిల్లల కోసం వారి ఎత్తుకు తగిన చిన్న ప్రార్థనాలయం ఏర్పాటు చేశారు. దివ్యబలిపూజలో వాడే అప్పానికి, ద్రాక్షారసానికి కావలసిన గోధుమలను, ద్రాక్షలను పిల్లల చేతనే నాటించి, నీళ్ళు పోయించి, పెంచారు. చేత్తో నేర్చుకున్నది మనసులోకి దిగుతుందన్న ఆమె నమ్మకం జ్ఞానోపదేశానికీ వర్తించింది. అప్పటి కతోలికులలో కొందరు ఆమె పద్ధతిని అనుమానించిన మాట కూడా నిజమే. పిల్లలకు అంత స్వేచ్ఛ ఇస్తే జన్మపాపం సంగతేమిటని వారి భయం.

ముస్సోలినీ మొదట్లో ఆమెను ఆదరించాడు. ఆమె కూడా కొంతకాలం ఆ ఆదరణను అంగీకరించారు. తన బడులను అతని కవాతు మైదానాలుగా మార్చడం మొదలయ్యాక అది తెగిపోయింది. 1934లో ఆమె ఇటలీ విడిచారు. 1936లో స్పెయినులో అంతర్యుద్ధం రేగినప్పుడు ఒక బ్రిటిషు యుద్ధనౌక ఎక్కి బార్సిలోనా నుండి బయటపడ్డారు. 66 ఏళ్ళ వయసులో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని హాలండు చేరారు.

1939 చివర ఆమె, మారియో మద్రాసులో దిగారు. దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానంపై అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టారు. 300 మందికి పైగా వచ్చారు. తాటాకు పాకల్లో కాపురం. ఆమె ఇటాలియనులో చెబితే కొడుకు ఇంగ్లీషులో వినిపించేవాడు. మన విశాఖపట్నం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే. 1940 జూనులో ఇటలీ యుద్ధంలో దిగగానే ఇక్కడి ఇటలీవారంతా శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహమద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. ఆమెను అడయారు దాటి పోవద్దన్నారు. బిడ్డ పుట్టిననాడు ఎడబాసిన తల్లికి వృద్ధాప్యంలో మళ్ళీ అదే ఎడబాటు.

ఆ ఏడాది ఆగస్టు 31న ఆమెకు 70 ఏళ్ళు నిండాయి. ఆ రోజున వైస్రాయి నుండి ఒక టెలిగ్రాం వచ్చింది. ఆమె పుట్టినరోజుకు ఏ కానుక ఇవ్వాలా అని ఆలోచించామనీ, ఆమె కుమారుణ్ణి ఆమెకు తిరిగి ఇవ్వడమే తగిన కానుక అనిపించిందనీ దాని సారాంశం. మేనల్లుడు కాదు, పెంపుడు కొడుకు కాదు, కుమారుడు. 42 ఏళ్ళుగా ఆమె బయటికి చెప్పుకోలేకపోయిన మాటను ఒక ప్రభుత్వ తంతి బహిరంగంగా చెప్పేసింది. మన గడ్డమీదనే అది జరిగింది.

1942 ఏప్రిల్ 6న, పాస్కా పండుగ మర్నాడు, జపాను విమానాలు మన విశాఖ రేవుమీద బాంబులు వేశాయి. తూర్పు తీరమంతా భయంతో ఖాళీ అవుతున్న రోజులవి. ఆ యుద్ధకాలంలోనే ఆమె మద్రాసు విడిచి కొడైకెనాలు కొండలకు వెళ్ళి సుమారు రెండేళ్ళు పిల్లల మధ్య పనిచేశారు. పుట్టిన క్షణం నుండి మూడేళ్ళలోపు బిడ్డ మనసు ఎలా ఎదుగుతుందన్నది ఆమె మనదేశంలోనే లోతుగా ఆలోచించారు. తల్లి చంకనెక్కి బజారుకు, పొలానికి, గుడికి అన్నిచోట్లకూ వెళ్ళే మన పసివాళ్ళు ఆమెకు గొప్ప పాఠమయ్యారు. ఆ పసిమనసు గురించిన ఆమె ప్రసిద్ధ గ్రంథం మొదట 1949లో మద్రాసులోనే అచ్చయింది. 1946లో ఆమె ఐరోపాకు వెళ్ళి, 1947లో మళ్ళీ వచ్చి 1949 వరకు పనిచేశారు. మన దేశంలో ఆమె చేతికింద వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులు తయారయ్యారు. ఆ వెలుగు తెలుగునాట కూడా పడింది. విజయవాడలో మాంటిస్సోరి పేరుతో విద్యాసంస్థలు నడిపిన వి. కోటేశ్వరమ్మ గారికి 2017లో పద్మశ్రీ లభించింది.

నోబెలు శాంతి బహుమతికి మూడుసార్లు ఆమె పేరు ప్రతిపాదించారు. బహుమతి రాలేదు. 1952 మే 6న హాలండులో నూర్డ్‌వైక్ అనే సముద్రతీర గ్రామంలో, 81 ఏళ్ళ వయసులో, కొడుకు పక్కన ఉండగా కన్నుమూశారు. అక్కడి కతోలిక శ్మశానవాటికలోనే సమాధి. తన వీలునామాలో మారియోను నిస్సంకోచంగా నా కుమారుడు అని రాసుకున్నారు. శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించలేదు. ఆమె తప్పులు, గాయాలు గల మామూలు విశ్వాసి. పసివాళ్ళను నా వద్దకు రానివ్వండి అన్న ప్రభువు మాటను మాత్రం ఆమె బహుశా మనందరికంటే అక్షరాలా తీసుకున్నారు.

ఆమె పోయిన రెండేళ్ళకు, 1954లో, రోములో సోఫియా కవల్లెత్తి, జాన్నా గొబ్బి అనే ఇద్దరు స్త్రీలు ఆమె బాటలో పసిపిల్లలకు జ్ఞానోపదేశం మొదలుపెట్టారు. మంచి కాపరి పేరుతో సాగే ఆ ఉపదేశంలో పిల్లల పనులలో ఒకటి ఏమిటో తెలుసా? చిన్న పాత్రలో ద్రాక్షారసం పోసి, అందులో కొన్ని చుక్కల నీళ్ళు కలపడం. బలిపీఠం దగ్గర ప్రతిరోజూ నేను చేసే పనే. ద్రాక్షారసంలో కలిసిన నీటి చుక్కను మళ్ళీ వేరు చేయలేమని మూడేళ్ళ బిడ్డ తన చేత్తో కనుక్కుంటుంది. క్రీస్తుతో మన ఐక్యం గురించి నేను అరగంట ప్రసంగించి చెప్పలేనిది ఆ చుక్క చెబుతుంది.

గాజువాక పాప ఇప్పుడు పెద్ద చదువులు చదువుతోందని విన్నాను. ఆ రోజు ఆమెకు ఆ సంగతి గుర్తుండదు. నాకు గుర్తుంది. ఇప్పుడు ఇళ్ళు దీవించడానికి వెళ్ళినప్పుడు ఆ ఇంట పసిబిడ్డ ఉంటే, ముందుగా తీర్థం గిన్నెను కిందికి దించి, బిడ్డ ఎత్తుకు పట్టుకుంటాను. చేయి తడిపి నుదుట సిలువ గుర్తు వేసుకోవడం నెమ్మదిగా చూపిస్తాను. కొందరు పిల్లలు సిలువ వేసుకుంటారు. చాలామంది నీళ్ళను తడతారు. చుక్కలు నా అంగీమీద, పుస్తకంమీద పడతాయి. తల్లులు కంగారుపడతారు. నేను పుస్తకం తుడుచుకుని ప్రార్థన మొదలుపెడతాను.

ఈ ఆదివారం పూజ నుండి ఇంటికి వెళ్ళాక, అరగంట టీవీని, సెల్‌ఫోనును పక్కన పెట్టి, మీ బిడ్డ ముందు రెండు గ్లాసులు, సగం నీళ్ళు పెట్టండి. మీరూ పక్కన నేలమీద కూర్చోండి. ఎత్తి చూపించవద్దు, చేసిపెట్టవద్దు. చూస్తూ ఉండండి. మీ ఇంటిని, మీ పసివారిని ప్రభువు చల్లగా కాపాడుగాక.